మార్చీసేను, నువ్వెల్లు

బాబాయి పోయారని ఆదివారం పొద్దున్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద అప్పటికే వరసగా దణ్ణాలు. నేనూ ఒకటి పెట్టి, ఫోను బోర్లించాను. ఏడుపు రాలేదు. ఆయన నోటి నుంచి వినాలని మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట ఇక వినలేనన్నదొక్కటే తట్టింది.

ఆయన నాకు బంధువు కాదు. భిలాయిలో నేను పనిచేసే కాలేజీ సిస్టమ్ రూముకి పెద్ద, నేను ఆయన సహాయకురాలిని. అందరికీ భయ్యా. మా నాన్నలాగే విజయనగరం వైపు నుంచి వచ్చినవారు కాబట్టి నాకు బాబాయి. కాలేజీలో ఎవరు ప్రింట్ కొట్టినా ఆ కాగితం ముందు మా సర్వర్లో వరసలో నిలబడి, తర్వాతే తన ప్రింటరుకి వెళ్తుంది. ఆ వరసే క్యూ. ఏ క్యూ ఏ ప్రింటరుకి వెళ్ళాలో అడ్రసు రాసేది మేమిద్దరమే.

పనంతా ఆయనే నేర్పారు. కొత్త ప్రింటరు పెడితే దానికి కంపెనీ పేరు ఉంచనిచ్చేవారు కాదు. "ప్యూను భయ్యాకి మోడల్ నంబరు ఏటి తెలుస్తాది? గది పేరు ఎట్టు," అనేవారు. ఆగిపోయిన క్యూని ఖాళీ చేసేముందు, అందులో ఎవరి కాగితాలున్నాయో వాళ్ళకి నాచేత ఫోన్ చేయించేవారు. "అవతలోడు ఆ కాగితం కోసం నిలబడుంటాడు గదేటి!" ప్రింటరులో సిరాపొడి టోనరు మార్చాక రెండుసార్లు చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా విప్పి సగం ఉప్మా మూతలో వేసి నా వైపు జరిపేవారు. హిందీలో ఆలోచించి తెలుగులో తడబడే నన్ను నవ్వకుండా సరిదిద్దిందీ ఆయనే.

ఒక సాయంత్రం పరీక్షల విభాగం ప్రింటరు మొరాయించింది. హాల్ టికెట్లు వెంటనే కావాలన్నారు. బాబాయి ఆ క్యూని కాసేపటికని స్టాఫ్ రూము ప్రింటరుకి మళ్ళించారు. తర్వాత మెకానిక్ వచ్చి బాగుచేసి వెళ్ళాడు. నేను స్కూటీ తాళాలు తీసుకుంటూ అడిగాను.

"బాబాయ్, ఎగ్జామ్ సెక్షన్ క్యూ వెనక్కి మార్చీసేరా?"

"మార్చీసేను, నువ్వెల్లు."

మార్చలేదు. మర్నాడు పరీక్షల విభాగంలో, తాళం వేసిన గదిలో రావలసిన ప్రశ్నపత్రం స్టాఫ్ రూములో, మార్కులు అడగడానికొచ్చిన విద్యార్థుల కళ్ళ ముందు, బయటికొచ్చింది. పరీక్ష ఆపేశారు.

ప్రిన్సిపాల్ గదిలో ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. "యే కిస్నే కియా?" ఎవరు చేశారిది అని ఆయన అడిగారు. బాబాయి నా వైపు చూడలేదు.

"బచ్చీ హై సర్. గల్తీ హో గయీ. మాఫ్ కర్ దీజియే."

చిన్నపిల్ల, పొరపాటైంది, క్షమించమంటున్న ఆ గొంతులో నిజమైన జాలి ఉంది. అదే నా నోరు కట్టేసింది. సాయంత్రంలోగా ఆయనే వెళ్ళి నిజం చెబుతారనుకున్నాను. ఆయన వెళ్ళలేదు. కాలేజీవాళ్ళు నాచేత క్షమాపణ పత్రం రాయించారు. సర్వర్ పాస్‌వర్డ్ మార్చి నన్ను లైబ్రరీకి పంపారు. రిటైరయ్యేదాకా, ఏడాదిన్నర, బాబాయి తన ఉప్మా లైబ్రరీకే తెచ్చారు. ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడారు. నేను తిన్నాను కూడా. అందుకు నామీద నాకు ఇప్పటికీ కోపం.

ఆయన పోయిన ఆరో రోజున సెక్టర్ 6లో వాళ్ళింటికి వెళ్ళాను. పదో రోజు కబురు ఆయన ఫొటోతో ఇంట్లోనే ప్రింట్ చేయాలని కూతురు తంటాలు పడుతోంది. "దీదీ, చల్ నహీ రహా," అంది, ప్రింటరు నడవట్లేదని. ఆగిపోయిన క్యూలో ఏమున్నాయో ఆమెని అడిగి, తర్వాతే ఖాళీ చేశాను. ఆయన నేర్పిన పద్ధతి అదే, నా చేతులకి ఇంకోటి రాదు.

పిన్ని టీ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఆ పేపరు సంగతి మనసులో ఎట్టుకోకమ్మా. తప్పు నీదైనా మీ బాబాయి తన మీదేసుకుని నీ ఉద్యోగం కాపాడేరంట గదా. ఎన్నిసార్లు సెప్పేరో. నిన్ను ఎప్పుడో క్షమించీసేరు."

కాలేజీలో భయపడి అన్నారని ఎలాగో సగం సమాధానపడ్డాను. ఇంట్లో ఆయన్ని ఎవరూ నిలదీయలేదే!

పిన్ని నా జవాబు కోసం చూస్తోంది.

"అలాగే పిన్నీ," అన్నాను.

ప్రింటరు కదిలింది. ఆయన ముఖం నుదుటి నుంచి మొదలై కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. పిన్ని ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, సిరా చెదరకుండా, ఆ ముఖం మీద మెల్లగా ఊదుతూ కూర్చుంది.