గంజి పెట్టిన కరాటే డ్రెస్సు

షెడ్డు అమ్ముడుపోయాక కూడా నేను నలిగిన చొక్కాతో గడప దాటలేదు. ముంబయి పక్క భివండీ శాంతి నగర్‌లో ఒకప్పుడు మా తాతవైన సాంచాలు, అంటే మరమగ్గాలు, వేరేవాళ్ల చేతికి పోయాయి. అదే షెడ్డులో, అవే సాంచాల మీద నేను కూలికి నేసేవాణ్ణి. నేసేటప్పుడు బనీను. ఇంటికి బయలుదేరేటప్పుడు మాత్రం మేకుకు తగిలించిన గంజి చొక్కా. బట్ట నేసే ఇంట్లో బట్ట నలగకూడదని మా అమ్మ అనేది.

అలాంటి ఇంట్లోంచి నా బిడ్డ కరాటేకు వెళ్లింది. పసుపు బెల్టు పరీక్ష ఆదివారం అనగా, గురువారం కొత్త తన్ను చూపిస్తానని ఆ తెల్ల డ్రెస్సులోనే అన్నం డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చింది. కాలెత్తి తిరగబోయి భుజం సాంచాకు రాసుకుంది. అరచేయంత నల్లటి నూనె మరక. డ్రెస్సు మురికిగా ఉంటే పరీక్షకు నిలబెట్టనని వాళ్ల మాస్టారు ముందే చెప్పాడట.

"సర్ నన్ను వాపస్ పంపుతడు బాపూ," అంది, ఏడుపు ఆపుకుంటూ.

"మనింటి పిల్లను బట్ట మురికున్నదని ఎవడు పంపుతడో నేను చూస్త."

అనడం సులువే. అప్పటిదాకా నేను ఒక్క రుమాలు కూడా ఉతికి ఎరగను. నా భార్య తమ్ముడి పెళ్లికి ఊరికి పోయింది. అమ్మకు మోకాళ్లు వంగవు.

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాను. ఆ రోజు సాంచాలు బంద్. మిగతా రోజుల్లో తడి బట్ట తీగ మీద వేస్తే గాలిలో తేలే నూలు పీచు వచ్చి అంటుకుంటుంది. సాయంత్రానికి బట్టకు మీసాలు మొలుస్తాయి. మరక తీయడం నాకు కొత్త కాదు. తానుల మీద నూనె చుక్కలతో రోజూ ఉండే తగాదాయే. సుద్దముక్క పొడి చేసి మరక మీద అద్ది, నూనెను పీల్చనిచ్చి, దులిపి, సబ్బు పట్టించాను. అప్పుడు బకెట్ తీసుకుని, వెన్ను వంచకుండా, గదులన్నీ వరసగా ఉండే మా చాల్‌లోని నల్లా దగ్గరికి నడిచాను.

పక్క గదిలో ఉండే నేతగాడు అక్కడ పళ్లు తోముకుంటున్నాడు. "ఏంది సేటూ, ఇయాల నౌకర్లు రాలేదా?"

"ఇది బట్ట కాదు, నా బిడ్డ పరీక్ష. జర జరుగు."

అతను నవ్వి జరిగాడు. జరగడమే కాదు, నేను జాడిస్తుంటే నీళ్లు పట్టి పోశాడు.

ఆ బట్ట మందం. తడిస్తే గొర్రెపిల్లంత బరువు. ఒక కొస నేను, ఒక కొస నా బిడ్డ పట్టుకుని మెలితిప్పితే నీళ్లన్నీ మా పాదాల మీదే పడ్డాయి. మరక పోయింది. నా బిడ్డ డ్రెస్సు భుజం దగ్గర వెతికి వెతికి, కనబడక, గెంతింది.

ఇంట్లో అమ్మ అప్పటికే సగ్గుబియ్యం గంజి కాచి పెట్టింది. పడుగుకు, అంటే సాంచా మీది నిలువు పోగులకు, పెట్టేంత చిక్కగా.

"బాపమ్మా, గంజెందుకు? కాలెట్ల లేస్తది?"

"మీ ముత్తాత గంజి ధోతి కట్టి నడిస్తే గల్లీ గల్లీ లేశి నిలవడేది. నీ ఒక్క కాలు లేవదా?"

నాకు అమ్మ మాటే సబబనిపించింది. పైదానికీ లాగుకూ రెంటికీ పెట్టాను. ఎండాక ఆ డ్రెస్సును గోడకు ఆనిస్తే ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది.

ఆదివారం మరాఠీ బడి హాల్లో పిల్లలందరిలోకీ నా బిడ్డ తెల్లగా కనిపించింది. మాస్టారు వరస వెంట నడుస్తూ ఆమె భుజం చూసి, తలూపి ముందుకు పోయాడు. మొదటి గుద్దుకే గంజి పెట్టిన చేతి అంచు టప్పుమంది. పిల్లలంతా తలలు తిప్పారు. రెండో గుద్దుకు మళ్లీ టప్. గోడవారన నిలబడ్డ నా ఛాతీ పెరిగింది.

తర్వాత తన్ను. లాగు ఫెళఫెళమంది కానీ కాలు నడుము దగ్గరే ఆగిపోయింది.

"ఊపర్. ఔర్ ఊపర్," అన్నాడు మాస్టారు, కాలు ఇంకా పైకెత్తమని.

మళ్లీ ఎత్తింది. మళ్లీ అక్కడే ఆగింది. ఆమె నావైపు చూసింది. పడుగు బిరుసెక్కి పోగులు తెగుతుంటే మేం ఏం చేస్తామో అప్పుడు గుర్తొచ్చింది.

"బిడ్డా, నీళ్లు కొట్టు. పడుగుకు కొట్టినట్టు కొట్టు."

ఇంకో పిల్లయితే అయోమయంగా చూసేది. ఈమె "సర్, ఏక్ మినిట్" అని, నీళ్ల సీసా తెచ్చి నడుము నుంచి మోకాళ్ల దాకా పోసుకుంది. రెండుసార్లు కూర్చుని లేచింది. హాలంతా నవ్వులు. తర్వాత కాలెత్తింది చూడండి, పాదం చెవి దాకా పోయింది, దాంతోపాటు నీళ్లు కూడా పోయి మాస్టారి కళ్లద్దాల మీద పడ్డాయి. ఆయన అద్దాలు తీసి, తన డ్రెస్సు అంచుకు తుడుచుకుని, పెట్టుకుని, "పాస్" అన్నాడు.

పసుపు బెల్టు కడుతూ ఆమె మెడపట్టీని వేలితో మీటి చూశాడు. ఎవరు ఉతికారని అడిగాడు కాబోలు, ఆమె నన్ను చూపించింది. నేను నమస్కారం పెట్టాను, తల మరీ వంచకుండా.

ఇంటికి రాగానే, "గంజే గెలిపించింది," అంది అమ్మ. నాదీ అదే మాట, ఇప్పటికీ.

తర్వాతి పరీక్షకు ముందు వచ్చిన శుక్రవారం నా బిడ్డ తానే రెండు బకెట్లు వరసగా పెట్టింది. లాగుకు ఉత్త నీళ్లు, పైదానికి గంజి. గంజి గిన్నెలో వేలు ముంచి, చూపుడు వేలికీ బొటన వేలికీ మధ్య సాగదీసి చూసి, "బాపమ్మా, ఇంకింత చిక్కగ కావాలె," అంది. "చప్పుడు రావాలె."