చావు దగ్గర ఆపకూడదు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను కొత్త కోడలిగా బేతంచెర్లకు వచ్చాను. మా ఆయన పని మీద కర్నూలు పోయినప్పుడల్లా గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చేవారు. మా అత్తకు చదువు రాదు. కోడలు ఒక మూల కూర్చొని తనలో తాను చదువుకోవడం ఆమెకు గిట్టేది కాదు. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచేటప్పుడు పైకి చదివితే మాత్రం సరే. వినేవాళ్లు ఇద్దరే, అత్త, వదిన. వదిన మా ఆయన అక్క. పసితనంలో పెళ్లి చేశారు, కాపురానికి పోకముందే భర్త పోయాడు, పుట్టింట్లోనే ఉండిపోయింది. కాయలు ఒలుస్తూ వినేది, ఒక్క మాటా మాట్లాడేది కాదు.

అత్త అట్లా కాదు. అపరాధ పరిశోధక నవల మొదలుపెడితే రెండో అధ్యాయంలోనే, "ఆ వంటోడే సంపినాడు. అంత తియ్యగా మాట్లాడేటోన్ని నమ్మగూడదు" అని తేల్చేసింది. చివరికి వాడే. మిగతాదంతా నేను ఒళ్లు మండుతుంటే చదివాను. బెంగాలీ నుంచి వచ్చిన నవలలో నాయకుడు వానలో తడుస్తూ ప్రియురాలి కోసం కుమిలిపోతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "అంత వాన పడుతాంటే సేనికి పోకుండా ఏడుస్తా కూసున్నాడా?" అంది అత్త. ఆ తర్వాత ఆ నాయకుడి మీద నాకు గౌరవం నిలవలేదు. కోస్తా నవలల మీద నా కోపం వేరు. వాటిలో కాలువ గట్టు మీద తప్ప ప్రేమ పుట్టదు. మా ఊరి చుట్టూ ఉన్నవి బండల గనులు. మేం మనుషులం కామా అని ఉడుక్కునేదాన్ని.

అయినా నవల లేని రోజు నాకు అన్నం సయించేది కాదు.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఒక నవల వచ్చింది. చివరి పేజీలో నాయిక కాన్పులో చనిపోయింది. ముందుగా తిరగేసి చూసే అలవాటు నాకు లేదు. చప్పున పుస్తకం మూశాను.

"మూయొద్దు. సావు కాడ ఆపగూడదు" అంది అత్త.

పురాణం చదివించే ఇళ్లలో అది ఆచారం. యుద్ధంలో ఎవరు కూలినా ఆనాటికి అక్కడ ఆపరు. శుభం వచ్చేదాకా చదివి హారతి ఇస్తారు. నవలకూ అదే వర్తిస్తుందని ఆమె నమ్మకం.

"ఇంకేం లేదత్తా. కథ అయిపోయింది."

ఆమె పుస్తకం లాక్కొని అట్ట దాకా తిప్పి చూసింది. "కడుపుతో ఉండేదానితో ఇట్లాంటిది సదివిస్తినే. రేపట్నుంచి ఇయి ఇంట్లోకి రాగూడదు."

నాకు కాన్పు కంటే ఆ మాటకే ఎక్కువ భయం వేసింది. ఏదో ఒకటి చెప్పాలి. "పెండ్లి జరిగే అధ్యాయం మళ్లీ చదివి, ఆడ ఆపుతానత్తా" అన్నాను. అత్త ఒప్పుకుంది. పుస్తకం తీసుకొని గబగబా వెనక్కి తిప్పాను. పందిరి, మేళాలు, తలంబ్రాలు దొరికాయి.

"ఆడ వద్దు."

వదిన గొంతు. చేతిలో కాయలు అట్లాగే ఉన్నాయి.

"పెండ్లి కాడ ఆపితే మళ్లా ఆ బిడ్డ సావుకే పోతాది. ఇంకా ఎనక్కి పో. పలక పట్టుకోని బడికి పోతా ఉంటాది గదా, ఆడ ఆపు."

అత్త కూతురి వైపు చూసింది. పసితనంలో వదినకు ఆ పెళ్లి కుదిర్చింది అత్తే. తర్వాత నాతో, "అది సెప్పిన కాడ్నే సదువు" అంది.