బల్ల మీద ఎర్రగుడ్డలు

1951. మలయాలో సుంగై సిపుట్ ఊరు దాటి అడవి అంచున ఉన్న రబ్బరు ఎస్టేటు. నా పని పాల కోసం చెట్లు గీయడం కాదు, బోన్లు పెట్టడం. ఏదుపందులు లేత రబ్బరు మొక్కల బెరడు కొరికేసేవి. మూసాంగ్, అంటే మన పునుగుపిల్లి, ఎస్టేటు దొర బంగళా కోళ్ళని ఎత్తుకుపోయేది. పట్టిన మూసాంగ్ తోలు నాది, ఇపో పట్నం నుంచి వచ్చే చీనా వర్తకుడు కొనుక్కునేవాడు. అవి తెల్ల సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, బయట పోలీసులు, మధ్యన మేము. మా కూలీ ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేసినారు. సాయంత్రం గేటు మూస్తే మళ్ళీ తెల్లారితేనే తీసేది.

బోను పెట్టడమంటే ఇనుము తెచ్చి నేల మీద పడేయడం అనుకుంటారు చాలామంది. కాదు బాబూ. ముందు జంతువు దారి తెలియాలి. మూసాంగ్ రోజూ ఒకే దారిన నడుస్తాది. దాని పెంటలో పండ్ల గింజలు కనిపిస్తే అదే దాని బాట. కోళ్ళగూటి దగ్గర బాక్స్ ట్రాప్ పెట్టేవాణ్ణి, అంటే తలుపు పడిపోయే చెక్కపెట్టె, లోపల మగ్గిన అరటిపండు. పొదల సందున స్నేర్, అంటే వంచిన కొమ్మకి కట్టిన తీగ ఉచ్చు. కంచె అవతల బాట ఇరుకైన చోట జిన్ ట్రాప్. రెండు ఇనుప దవడలు, మధ్యలో చిన్న పళ్ళెం. పళ్ళెం మీద అడుగు పడితే దవడలు టప్పున మూసుకుంటాయి. దాన్ని ఆకులేసి ఉడకబెట్టి మనిషి వాసన పోగొట్టాలి, నేలకి సమంగా పాతాలి, పైన ఎండాకులు చల్లాలి. బాగా పెడితే పెట్టినోడి కంటికి కూడా ఆనదు.

అందుకే మా నాన్న ఒక కట్టుబాటు నేర్పినాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినోడు ఆయన. జిన్ ట్రాప్ పెడితే, దానికి ముందున్న చెట్టుకి మనిషి కంటి ఎత్తున ఎర్రగుడ్డ కట్టాలి. లైన్లలో పసిపిల్లకి కూడా తెలుసు, గుడ్డ కనిపిస్తే అక్కడే ఆగి చుట్టూ తిరిగి పోవాలని. పైగా తెల్లారి గేటు తీయగానే ముందు నేనే పోయి బోన్లు మూసేసేవాణ్ణి. ఆ తరవాతే చెట్లు గీసేవాళ్ళు వచ్చేవారు.

ఆ ఏడు కొత్త పోలీసు దొర దిగినాడు. ఓ సాయంత్రం నేను బోన్లు పెట్టి వచ్చేసినాక, గస్తీ తిరుగుతూ ఆ బాటన పోయినాడు. చెట్టుకి గుడ్డ చూసి ఆగినాడు. ఆగినాడు కాబట్టే వాడి కాలు మిగిలింది! ఆ సంగతి తెలియని మహానుభావుడు గుడ్డ పీకి జేబులో పెట్టుకున్నాడు. మిగతా చెట్ల గుడ్డలూ అంతే. ఎర్రగుడ్డ కదా, అడవిలోవాళ్ళకి సైగ అని వాడి తెలివి. ఎవడు కట్టినాడని అడిగి, నన్ను లాక్కుపోయి స్టేషన్లో వేసినాడు.

దొరకి ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. మా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి మా ఎస్టేటు కిరాణీని పిలిపించినారు. ఆఫీసులో రాతపని చేసే మనిషి, మన తెలుగోడే. ఆయన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"కిరాణీగారూ, నన్నేటైనా సేసుకోమనండి. అక్కడ బోన్లు నోరు తెరుచుకునున్నాయి, గుడ్డలు లేవు. తెల్లారితే మనోళ్ళు వస్తారు. పోలీసులు కూడా వస్తే వాళ్ళ ముందే మూసేసి వచ్చేస్తాను. లేదంటే పొద్దుట హాజరు కాడ మీరైనా ఒక్క మాట సెప్పండి" అని కాళ్ళావేళ్ళా పడినాను.

"ఊరుకో, అప్పన్నా! బోను అంటే వాళ్ళకి బాంబులాగ వినిపిస్తాది. నీతోపాటు నన్నూ లోపలేస్తారు" అన్నాడు గొంతు తగ్గించి. దొర వైపు తిరిగి ఏవో రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయినాడు. నేను ఊచలు పట్టుకుని అరిచినాను. కాపలా ఉన్న మలాయి కానిస్టేబుల్ "బేసోక్" అన్నాడు, అంటే రేపు. రేపేటి? రేపటి గురించే కదా నా ఏడుపు!

సోములమ్మ మా పెద్దన్న పెళ్ళాం, నాకు వదిన. ఆ బాట పక్కనున్న చెట్ల వరస ఆవిడదే. ఆ పొద్దున్న వదిన గుడ్డ కోసం చూసిందట. చెట్టుకి గుడ్డ లేదు. పోలీసులు పట్టుకుపోయే ముందే మరిది బోను తీసేసినాడు కాబోలు అనుకుని అడుగు వేసింది. చెప్పుల్లేని కాలు. ఇపో ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేసినారు.

వదిన తిరిగొచ్చినాక ఎస్టేటు ఆఫీసులో విచారణ. అడవిలోవాళ్ళతో నాకు పొత్తు లేదని అప్పటికి తేలిందట. ఇప్పుడు కొత్త నేరం, ఆడమనిషి కాలివేళ్ళు నావల్ల పోయినాయని. బల్ల మీద నా ఎర్రగుడ్డలు వరసగా పరిచి ఉన్నాయి. వాటి ముందు కూర్చుని పోలీసు దొర అడిగినాడు, కిరాణీ తెలుగులో చెప్పినాడు.

"జనం నడిచే చోట బోను పెట్టినప్పుడు, హెచ్చరికగా ఒక గుర్తు ఎందుకు పెట్టలేదు?"

నాకు ఒళ్ళంతా భగ్గుమంది. కట్టుకాలు బెంచీ మీద పెట్టుకుని కూర్చున్న వదిన లేచి నిలబడింది.

"బల్ల మీద ఉన్నాయి కదా బాబూ, అవేటి మరి? మా గుర్తు నువ్వే పీకేసి, గుర్తేదని అడుగుతావా?"

దొర కిరాణీ వైపు చూసినాడు, ఏమంటోందని. కిరాణీ కాలరు సర్దుకున్నాడు. ఇంగ్లీషులో జవాబిచ్చినాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ అర్థమవుతుంది.

"కాలు నొప్పిగా ఉందంటోంది సార్."

తప్పు నాదేనని తేల్చి, నా పని తీసేసినారు. కిరాణీ మీద నాకు ఈరోజుకీ ఒళ్ళు మంటే. దొరకి మా గుర్తు తెలియదు, సరే. వీడికి తెలుసు కదా! గుర్తు ఎంత బాగా కట్టినా చాలదు, దాని అర్థం చెప్పే నోరు మనదై ఉండాలని ఆ కేసు నాకు నేర్పింది. అందుకే వదిన కూతుర్ని పట్టుబట్టి ఇంగ్లీషు బడిలో వేయించినాను.

మెర్డెకా వచ్చిన ఏడు, రేడియోలో జనం స్వాతంత్ర్యం వచ్చిందని కేకలు పెడుతుంటే, వదిన కుంటుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "ఆనాడు దొరతో నేనన్న మాట ఇంగ్లీషులో ఎలాగంటారే?" అని అడిగింది. పిల్ల చెప్పింది.

కూతురి మొహంలోకి చూసింది వదిన.

"ఇంతేనా? ఇంత చిన్న మాటా?"