మా బావ నోరు మూయించిన కారు

ఆ రోజుల్లో మావాళ్ళకు ఒక గొప్ప అలవాటు ఉండేది. ఏ యంత్రం మొరాయించినా ముందు యంత్రాన్ని కాదు, దాన్ని చివరిసారి ముట్టుకున్న మనిషిని విప్పి చూసేవారు. ఆ మనిషి ఆడపిల్లయితే మరీ సులువు, స్పానర్లు కూడా అక్కర్లేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. (నవ్వు కూడా వస్తుంది కాబట్టే మీకు చెబుతున్నాను.)

డిప్లొమా అయ్యాక నేను నెల్లూరు బైపాస్ పక్కన మా మేనమామ కార్ల షెడ్డులో పనికి చేరాను. మామకు డ్రిఫ్టింగ్ పిచ్చి. అంటే కారును తిన్నగా కాకుండా, వెనక చక్రాలు జార్చుకుంటూ అడ్డంగా తోలడం. అందుకని చెన్నై నుంచి ఒక పాత కారు తెచ్చి, దాని వెనక ఇరుసులో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అనే పరికరం బిగించాడు. మామూలు కారులో ఒక చక్రం జారితే ఇంజను బలమంతా ఆ జారే చక్రానికే పోయి దండగవుతుంది. ఈ పరికరంలో మాత్రం ఇనుప బిళ్ళలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని రెండు చక్రాలనూ ఒక్క మాట మీద నడిపిస్తాయి. నిదానంగా మలుపు తిప్పినప్పుడు ఆ బిళ్ళలు పెనుగులాడి కటకటమంటాయి. అది జబ్బు కాదు, ఆరోగ్యం. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మూతబడిన రైస్ మిల్లులో, వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు మీద నేను ఆ కారును అడ్డంగా తిప్పుతుంటే మామ ఈలలు వేసేవాడు. చుట్టుపక్కల కార్ల పిచ్చివాళ్ళందరినీ పిలిచి ఒక ఆదివారం ప్రదర్శన పెడదామనీ, నేనే తోలాలనీ ఆయనే అన్నాడు.

ఈలోగా మా అక్క మొగుడు తన తమ్ముడి పెళ్ళి ఊరేగింపుకని ఆ కారు అడిగి తీసుకుపోయాడు. పూలదండల గుర్తులతో తిరిగొచ్చిన కారు, షెడ్డు గేటు దగ్గర మలుపు తిరుగుతూ కిక్కురుమనలేదు. గోల తగ్గిందని మామ మురిసిపోయాడు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు, అలసిపోయిందేమో అనుకున్నాను. (కార్లు అలసిపోతాయని నమ్మే వయసు అది.)

మర్నాడు మిల్లు గచ్చు మీద తిప్పబోతే కారు అడ్డం తిరగదే! లోపలి వైపు చక్రం ఒక్కటే ఉన్నచోట గిరగిరా తిరిగి పొగ కక్కుతోంది, రెండోది ఏమీ పట్టనట్టు దొర్లుతోంది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. "నీకు చెయ్యి పోయినట్టుండాది మే," అన్నాడు మామ. "ఆడపిల్లకు ఆ స్టీరింగు బరువు గదా," అని మా బావ జాలి కూడా పడ్డాడు. ఆ జాలికి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. కారులో తేడా ఉంది, విప్పుదామంటే ఒక్కరూ వినరు. ఆదివారం సీటు బావ తమ్ముడికి ఇచ్చేశారు. (పెళ్ళయినా అతణ్ణి అందరం పెళ్ళికొడుకనే పిలిచేవాళ్ళం.) అతనూ ఎక్కాడు, తిప్పాడు. అదే పొగ, అదే ఒంటి చక్రం. అప్పుడు మామ గడ్డం గోక్కుని ఏమన్నాడో తెలుసా? "బండిలోనే ఏందో ఉండాదబ్బయ్యా!"

చూశారా న్యాయం! నేను తిప్పితే నా చెయ్యి పోయింది. అతను తిప్పితే బండి పోయింది.

ఆ కోపంతోనే కారును షెడ్డుకు తెచ్చి, ఒక వెనక చక్రం నేల మీద ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టాను. బిళ్ళలు బాగుంటే లేచిన చక్రం అంత తేలిగ్గా కదలదు, పొడుగాటి రాడ్డు వేసి ఒంటి బరువంతా మోపాలి. అందరూ చూస్తుండగా నేను చూపుడువేలితో నెట్టాను. తిరునాళ్ళలో రంగులరాట్నంలా తిరిగింది. "కటకట యాడికి పోయింది? దీన్లో ఎవరేం పోసినారు?" అని అరిచాను. మా బావ ఛాతీ విరుచుకున్నాడు.

"ఆ అరుపు నిలిపింది నేనే గదమ్మే! పెళ్ళికూతురోళ్ళ ముందర కటకటమంటే మన పరువేం గావాల? మా రొయ్యల గుంటల కాడ నీళ్ళకు గాలి గొట్టే చక్రాల గేర్‌బాక్సు అరిస్తే పోసే మందు ఉండాది. సీసాడూ పోసినా. మళ్ళా నోరెత్తిందా?"

"నోరే గాదు బావా, చేతులు గూడా పడిపోయినాయి దానికి," అన్నాను.

గట్టిగా పట్టుకోవడమే పనిగా పుట్టిన బిళ్ళలకు ఆయన సీసాడు జారుడు పోశాడు. విప్పి చూస్తే, ఆ జారుడులో ఒరుసుకుని ఒరుసుకుని, బిళ్ళలన్నీ అద్దంలా నున్నబడ్డాయి. లోపలంతా కడిగాను. చెన్నై నుంచి బస్సు పార్సిల్లో కొత్త బిళ్ళలు తెప్పించి, దానికి తగిన నూనెలో నానబెట్టి, లోపలి పళ్ళున్నది ఒకటి, బయటి పళ్ళున్నది ఒకటి వరసగా పేర్చి, మందం కొలిచి బిగించాను. ఈసారి రాడ్డు వేసి వేలాడితే గానీ చక్రం కదల్లేదు. షెడ్డు ముందు నిదానంగా ఒక చుట్టు తిప్పాను. కటకట! నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మళ్ళా పాడైంది," అన్నాడు బావ.

ఆదివారం ముందుగా ఒక్క చుట్టు తిప్పి చూపిస్తానని మొండికేసి నేనే ఎక్కాను. కారు అడ్డంగా జారుకుంటూ గచ్చంతా తిరిగింది. వెనక రెండు నల్లని చారలు, పక్కపక్కనే. జనం కేకలు పెట్టారు. కారు ఆపగానే మామ పరుగెత్తుకొచ్చి బానెట్టును ముద్దు పెట్టుకున్నాడు. "అబ్బా, ఏం బండి! ఏం బండయ్యా!" అని వెనక్కి తిరిగి, "అబ్బయ్యా, రా, ఇప్పుడు బండి బ్రహ్మాండంగా ఉండాది. అమ్మే, దిగు," అన్నాడు.

"దిగను మామా," అన్నాను. తలుపు గడియ వేసి అద్దం ఎత్తాను. పెళ్ళికొడుకు బయట హెల్మెట్ పెట్టుకుని నిలబడే ఉన్నాడు. పెట్రోలు అయిపోయేదాకా తిప్పుతూనే ఉన్నాను.

ఇప్పుడు నేను కంపెనీ ఉద్యోగినిని. మొన్న మీటింగులో నేను వారమంతా కూర్చుని చేసిన పనిని చూసి మా పైఆయన, "ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ఎంత బాగా చేసిందో!" అని మురిసిపోయాడు. మిగతాది నా పక్క సీటాయన చూపిస్తాడన్నాడు. నేను మర్యాదగా నవ్వి, నా లాప్‌టాప్ పక్కాయనకు అందించి, వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆ కారులో పిల్లయితే దిగేది కాదు.