గారపళ్లే, ఏం కాదు

సోమ, మంగళవారాలు సూర్యాపేట. బుధ, గురువారాలు కోదాడ. శుక్ర, శనివారాలు మిర్యాలగూడ. ఇరవై ఏళ్లుగా బస్సుల్లో ఇలాగే తిరుగుతూ మూడు క్లినిక్‌లలో పళ్లు చూస్తున్నాను. మిర్యాలగూడ చేరేసరికి నా నడుము నాది కాదు. నోరు తెరిచిన ప్రతివాళ్లకూ ఒకటే మాట చెప్పడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు.

"గారపళ్లే, ఏం కాదు." అదీ ఆ మాట. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అవి తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. పుచ్చాయేమోనని భయపడి వస్తారు. టార్చి వేసి చూస్తాను, ఎప్పుడైనా ఎక్స్‌రే తీసినా పైపైన చూసి, నొప్పి లేదంటే పంపేస్తాను. మిర్యాలగూడ క్లినిక్‌లో పదేళ్లుగా నాకు సాయం చేసే ఆమెకూ అదే చెప్పాను. పదో తరగతి చదివే ఆమె కూతురికీ మొన్న అదే చెప్పాను.

ఈమధ్య ఆ క్లినిక్ యజమాని ఎక్స్‌రేలు చూసే ఏఐని కంప్యూటర్‌లో పెట్టించాడు. పుచ్చు మొదలైన చోట పసుపు డబ్బా గీస్తుందట. నాకు ఒళ్లు మండింది. నాకే పాఠాలు చెబుతుందా? దాని తప్పు పట్టుకుందామని, ఒక శుక్రవారం, నేను బాగున్నాయని పంపేసినవాళ్ల పాత ఎక్స్‌రేలు దానికి చూపించాను.

మూడోది నాకు సాయం చేసే ఆమెదే, రెండేళ్ల కిందటిది. రెండు దవడ పళ్ల మధ్య సన్నటి నీడ, దాని చుట్టూ పసుపు డబ్బా. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. నీడ నిజమే. గార పైన ఉంటుంది, ఇది పళ్ల సందులో ఉంది. ఆ తేడా తెలియని చదువు కాదు నాది. అలసిపోయి సరిగ్గా చూడలేదు, అంతే. ఆ రెండింటిలో ఒక పన్నును పోయిన వేసవిలో నేనే పీకాను.

పనిముట్లు కడుగుతున్న ఆమె ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో.

"గా పసుపు డబ్బ నా పన్ను మీదనేనా మేడం?"

"అవును."

"అప్పుడే సూస్తే పన్ను ఉంటుండెనా?"

అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు. "ఉండేది," అన్నాను. తల కొట్టేసినట్టయింది.

ఆమె చేతిలోని పనిముట్టు ట్రేలో పెట్టి మెల్లగా అంది: "రేపు మా పోరిని తోల్కొస్త. ఈసారి మీరు గాదు, దాన్ని సూడనియ్యుండ్రి."

మర్నాడు పిల్ల కుర్చీలో కూర్చోగానే అలవాటు కొద్దీ టార్చి తీశాను. తల్లి నా చేతివంక చూసింది. టార్చి సొరుగులో పడేసి ఎక్స్‌రే తీశాను. రెండు పసుపు డబ్బాలు వచ్చాయి. ఒక్కో నీడనూ దగ్గరగా వంగి చూశాను. రెండూ పుచ్చే, కానీ ఇంకా పైపొర దాటలేదు.

"ఇయ్యన్న దక్కుతయా?"

"దక్కుతాయి. పీకే పనే రాదు."

పదేళ్లుగా నా మాట మీదే భరోసా పెట్టుకున్న మనిషి, అది విని నా మొహం వైపు చూడలేదు. నిజమేనా అన్నట్టు స్క్రీన్ వైపు చూసింది.