నాన్న ఫోన్ మోగిన మధ్యాహ్నం

నా డిగ్రీ పూర్తయిన వేసవిలో నాన్న పోయారు. ఆయన సెల్‌ఫోన్‌కి అమ్మ రోజూ ఛార్జింగ్ పెట్టేది. దానికి ఎవరూ ఫోన్ చేసేవాళ్ళు కాదు. స్కాలర్‌షిప్ రాకపోతే నా చదువు అక్కడితో ఆగిపోతుంది. రేపల్లె నుంచి రైల్లో తెనాలి వెళ్ళి, అక్కడి నెట్ సెంటర్‌లో కూర్చుని, యూనివర్సిటీల ప్రవేశాలు, స్కాలర్‌షిప్పులు ఒకేచోట చూపించే వెబ్‌సైట్‌లో నా పేరు నమోదు చేశాను. ఫోన్ నంబరు అడిగితే, అలవాటుగా నాన్నదే ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టింది. ఇద్దరం కునుకు తీస్తుంటే ఆ ఫోన్ మోగింది. నిద్రమత్తులో, నాన్న తీస్తారులే అనుకున్నాను. అమ్మ పరుగెత్తి తీసింది. ఆ వెబ్‌సైట్ వాళ్ళ దగ్గర్నుంచి ఎవరో అమ్మాయి; ఆమె మాటలు గదంతా వినిపిస్తున్నాయి.

"సార్ ఉన్నారాండీ? మీ అమ్మాయి అడ్మిషన్ గురించి."

"మధ్యాహ్నం పూట ఇంటిపట్టున ఉంటే కదమ్మా ఆయన! నాతో చెప్పు."

నేను కళ్ళు తెరవలేదు. ఆ అమ్మాయి కోర్సులన్నీ చెప్పి, చివర్లో, "తండ్రి లేని పిల్లలకి వేరే స్కాలర్‌షిప్ ఉందండి. మీకది వర్తించదులెండి," అంది.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"వర్తిస్తుందమ్మా. మా ఆయన చనిపోయారు. దాని సంగతి చెప్పు," అంది అమ్మ.

ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదటిసారి.

ఆ స్కాలర్‌షిప్‌తోనే చదువుకున్నాను. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఫోన్ మోగిన కాసేపే. అంతసేపూ నాన్న ఇంట్లోనే ఉన్నారు.