కింద పడ్డ బంకముద్ద

కార్లు కడిగే షెడ్డులోని రుద్దుడాయన మేకుతో లాయరు గారి నల్లకారు గీకేశాడని వీధి వీధంతా చెప్పుకుంటోంది. టైలరమ్మ అయితే మేకు పొడవు కూడా వేలు చాచి చూపిస్తోంది. శుద్ధ అబద్ధం. మేకుతో గీస్తే ఒక్క గీత పడుతుంది. ఆ కారు బానెట్ మీద ఉన్నవి వెంట్రుకల్లాంటి సన్న గీతలు, సున్నాలు చుట్టినట్టు వందల కొద్దీ. అవి మేకు గీతలు కావని మొదట కనిపెట్టింది రుద్దుడాయన భార్యే. లాయరు గారి గేటు ముందు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరేమనుకుంటే నాకేం అని వంగి వంగి చూసింది. చూడగానే ఒళ్లు మండిపోయింది.

ఆమె మొగుడు ఏదీ గుండ్రంగా రుద్దడు మరి! ఇంట్లో బల్ల తుడిచినా ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగానే. ఇరవై రెండేళ్లుగా బావమరిది షెడ్డులో ఆయన పని అదే. కారు కడిగి ఆరబెట్టాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రంగు మీద నిమురుతాడు. కంటికి ఆనని తారు చుక్క, చెట్టు జిగురు, ఇనుప రజను వేళ్లకు గరగరా తగులుతాయి. అక్కడ సబ్బునీళ్లు చల్లి, బంకముద్దను నొక్కకుండా జారుస్తాడు. కడిగినా పోని మురికిని ముద్ద లాగేసుకుంటుంది. ఆ వైపు లోపలికి మడిచి మళ్లీ జారుస్తాడు. రంగు అద్దంలా నున్నగా తగిలాకే మైనం. ముద్ద నేల మీద పడిందా, ఆ క్షణమే చెత్తబుట్టలోకి. కొత్తదైనా సరే. అంటుకున్న ఇసుక కడిగినా పోదు, రంగును గీకేస్తుంది.

అలాంటి మనిషిని లాయరు గారి ముందు వేలెత్తి చూపించింది స్వయానా ఆమె తమ్ముడే. ఈయన పల్లెత్తు మాట అనకుండా, తుండు విసిరికొట్టి ఇంటికొచ్చేశాడు. పన్నెండు రోజులుగా గిన్నెలు తోముతూనే ఉన్నాడు. పంచదార డబ్బా మీది అక్షరాలు కూడా అరిగిపోయాయి. పలకరిస్తే కస్సుమంటాడు.

ఆమె గేటు దగ్గర నుంచి అటే షెడ్డుకు నడిచింది.

“ఒరేయ్, ఆ బానెట్ రుద్దింది ఎవర్రా?”

“ఎవరైతే ఏంటక్కా? బావ భోజనానికెళ్లాడు. లాయరేమో నెత్తి మీద కూర్చున్నాడు. మిగతాది నేనే కానిచ్చాను.”

“ఏ ముద్దతో?”

“కింద పడి ఉన్నదానితో. కడిగాన్లే! బావదంతా చాదస్తం.”

“మరి బావ పేరెందుకు చెప్పావు?”

“ఓనరే పాడుచేశాడంటే రేపు ఈ గుమ్మం ఎవడు తొక్కుతాడక్కా?”

ఆమె అలమరలోంచి ఒక ముద్ద తీసి నేలకేసి కొట్టి, చెప్పుకాలితో అటూ ఇటూ దొర్లించింది. తీరిగ్గా కుళాయి కింద కడిగింది. తమ్ముడు మొన్ననే కొన్న ఎర్ర స్కూటరు దగ్గరకెళ్లి సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది.

“అయ్యో అక్కా! కొత్త బండి! గీతలు పడతాయే!”

“కడిగాన్లేరా!”

తమ్ముడు చెయ్యి పట్టుకుని బతిమాలాడు. ఆమె విదిలించుకుంది.

“ఇప్పుడే పోయి నీ నోటితో నువ్వే లాయరుకి చెప్పు. లేకపోతే బండికి రెండో వైపు కూడా ఉంది.”

వెళ్లాడు. ఆమె వెనకాలే నిలబడి ప్రతి మాటా విని ఇంటికొచ్చింది. రుద్దుడాయన ఇంకా తపేలా మీదే ఉన్నాడు.

“వాడు ఒప్పుకున్నాడండీ. బానెట్ బాగుచెయ్యడానికి లాయరు మిమ్మల్నే రమ్మంటున్నాడు. అది మీ చేతి పని కాదని తెలిసీ నోరెందుకు మూసుకున్నారు? నా తమ్ముడనా?”

ఆయన తపేలా ఠంగుమని కింద పెట్టాడు.

“నీ తమ్ముడి మొహం! ముద్ద జారింది నా చేతిలోంచి. ఆకలేస్తోంది, తినొచ్చాక పారేద్దాంలే అని నేల మీదే వదిలేసి వెళ్లాను. నేనే మేకుతో గీసినా నాకింత మండేది కాదే. అది కనీసం కావాలని చేసినట్టుండేది.”